బాలింతకు పప్పు పెట్టని ఇంటికి

ఉదయం ఏడింటికి కోరుట్లలో బస్సెక్కాను. మా చెల్లెలి బిడ్డ లావణ్యకు సిరిసిల్లలో పెద్దాపరేషన్ అయి కొడుకు పుట్టాడు. నెల కావస్తున్నా కుట్లు మానలేదు, లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. రక్తం తక్కువుంది, మందులతోపాటు పప్పు బాగా పెట్టండని డాక్టరమ్మ చెప్పినా, వాళ్లత్త ఎల్లిగడ్డ కారంతో మెతుకులే పెడుతోందట. చెల్లెలు బతికి లేదు. అడగడానికి నేనే మిగిలాను.

ఆడవాళ్లకు టికెట్ లేదు, ఆధార్ కార్డు చాలు. సీటు మాత్రం ఎవరి అదృష్టం వాళ్లది. జగిత్యాలలో ఇడ్లీ తిని, వేములవాడ మీదుగా పోయే సిరిసిల్ల బస్సు పట్టుకున్నాను. పక్కన గొల్లపల్లి ఆమె కూర్చుంది. నా సంచిలోని కందిపప్పు చూసి, మా దిక్కు అంతా వరే, కందులు ఎవరేస్తున్నారంది. బాలింతకని చెప్పగానే మొహం మాడ్చుకుంది.

"కుట్లు చీము పడ్తయి గదమ్మా."

నాకు ఒళ్లు మండింది. చీము పట్టేది క్రిములతో, పప్పుతో కాదు. పుండు మానాలన్నా, సత్తువ రావాలన్నా మాంసకృత్తులు కావాలి, పేదింట్లో అవి పప్పులోనే దొరుకుతాయని వేములవాడ దాకా చెప్పాను. ఆమె కిటికీలోంచి బయటకు చూస్తూ కూర్చుంది.

సిరిసిల్ల చేరేసరికి పదకొండు దాటింది. వీధంతా బట్టనేసే సాంచల చప్పుడు. లావణ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. నేరుగా వంటింట్లోకి పోయి పప్పు ఉడకేశాను. వాళ్లత్త గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పథ్యం పేరుతో పిల్లను చంపుతారా అని కడిగేశాను. ఆమె గొంతు పెంచలేదు.

"నా బిడ్డకు గిట్లనే ఆపరేషనైంది వదినా. పాణం లేస్తలేదంటే నేనే పప్పన్నం తినిపిచ్చిన. కుట్లు చీముపట్టి సచ్చిపోయింది. గీ చేతుల్తోని మళ్ల పెట్టుమంటవా?"

"నీ బిడ్డను పప్పు చంపలేదు వదినా," అన్నాను. బిడ్డను తానే చంపుకున్నానని ఇన్నేళ్లూ బతికిన మనిషి. లావణ్య ఫోన్లోంచి డాక్టరమ్మకు కలిపి ఆమె చెవి దగ్గర పెట్టాను. అంతా విన్నది. గుమ్మం వదిలి పక్కకు జరిగింది. పప్పు దించి పొయ్యి పక్కన పెట్టి, తినిపించే పని వాళ్లకే వదిలేశాను.

నాలుగింటికి తిరుగు బస్సు దొరికింది. వేములవాడ దాటాక లావణ్య ఫోన్ చేసింది.

"తిన్న పెద్దమ్మా. అత్తమ్మనే కలిపి పెట్టింది. గప్పటిసంది నా చెయ్యి పట్టుకొని కూసున్నది, లేస్తలేదు."

పప్పు బలమని చెప్పిరావడానికి ఒక పూట ప్రయాణం చాలు. కుట్లు మానితే లావణ్య లేచి తిరుగుతుంది. అప్పుడు ఆ తల్లి, మరి నా బిడ్డ ఎట్ల పోయిందని నన్నే అడుగుతుంది.