పుట్టక ముందే విన్న ఏడుపు

దయ్యాల కబుర్లు ఎవరైనా ఎత్తితే లేచి వంటింట్లోకి వెళ్ళిపోయే రకం నేను. భయంతో కాదు, విసుగుతో. పురుళ్ళు పోసే మనిషి కనపడితే చాలు, ఊళ్ళో ప్రతివాళ్ళ దగ్గరా ఒక కథ సిద్ధంగా ఉంటుంది. పురిట్లో పోయిన ఆవిడ బావి దగ్గర కనపడిందనీ, చింతతోపులో పసిబిడ్డ ఏడ్చిందనీ. అవన్నీ విని, నీకు రక్తం తక్కువగా ఉందమ్మా, ఐరన్ మాత్రలు మింగు అని చెప్పి వచ్చేసేదాన్ని. దయ్యాలున్నాయని ఇప్పుడూ అనను. అందుకే ఈ రెండు సంగతుల్నీ ఏ లెక్కలో వేసుకోవాలో నాకు తెలియడం లేదు.

మాది నరసరావుపేట. మా నాన్న ఆయిల్ ఇంజన్ల మెకానిక్. చప్పుడు విని, ఇంజను విప్పకుండానే ఎక్కడ పాడైందో చెప్పేవాడు. ఆ చెవులు నాకే వచ్చాయని మా అమ్మ అనేది. గొప్పకు చెప్పడం లేదు. నా వినికిడి మీద నాకు ఎన్నడూ అనుమానం రాలేదని చెప్పడానికి రాస్తున్నాను.

పదో తరగతి అయ్యాక నన్ను ఏఎన్ఎం నర్సు ట్రైనింగుకి గుంటూరు పంపించారు. ఎనభైల మొదట్లో సంగతి. మా బంధువుల్లో సగంమంది మూతి విరిచారు. ముస్లిముల పిల్ల, అందులోనూ పెళ్ళికాని పిల్ల, ఊరూరా తిరిగి పురుళ్ళు పోయడమేమిటని వాళ్ళ బాధ. నాన్న మాత్రం, నేను చేసేదీ రిపేరు పనే, అది చేసేదీ రిపేరు పనే, పోనీండి అన్నాడు. ట్రైనింగులో ముందు బొమ్మ మీద నేర్పారు. తర్వాత ఆస్పత్రిలో సిస్టర్ పక్కన నిలబడి చేయించారు. పక్కన సిస్టర్ ఉన్నంతకాలం నాకు ఎక్కడలేని ధైర్యం ఉండేది.

ఆ తర్వాత గురజాల వైపు ఒక ఊరి సబ్‌సెంటర్లో వేశారు. అసలు చిక్కు అక్కడ మొదలైంది. కాన్పుకి నన్నెవరూ పిలవరు. ఆ రోజుల్లో నర్సంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కి పట్టుకుపోయే మనిషి. వీధి మొదట్లో నా తెల్లచీర కనపడగానే తలుపులు పడేవి. కాన్పులన్నీ ఊరి మంత్రసానే చేసేది. మా పైన ఉన్న మేడం వచ్చినప్పుడల్లా, కాన్పులు చేయని నర్సు ఈ ఊరికెందుకని అడిగి వెళ్ళేది. ఇంకొన్నాళ్ళు ఇలాగే నడిస్తే ఇంటికి పంపించేస్తారని నాకు అర్థమైంది. ఇంటికి పోతే ఆ మూతి విరిచినవాళ్ళే నాకు సంబంధం చూస్తారు.

మిరపకోతలప్పుడు మంత్రసాని తన సొంత కూతురి పురుడుకి నకరికల్లు వెళ్ళింది. సరిగ్గా అప్పుడే కోటయ్య గారి కూతురు నాగమణికి నొప్పులొచ్చాయి. తొలికాన్పని పుట్టింటికి వచ్చి ఉంది. కోటయ్య గారు పెద్ద రైతు. పంచాయతీ ఎన్నికల్లో ఆయనది ఒక పార్టీ, ఎదురింటివాళ్ళది ఇంకో పార్టీ. కాబట్టి సాయానికి సగం ఊరు ఆ గడప తొక్కదు. ఆయన భార్య ఆదెమ్మ వేరే దారిలేక నాకు కబురు పంపింది. పిలవడానికి వచ్చిన చుట్టాలావిడ నా గుమ్మంలోనే నిలబడి, "ఆపరేషన్ ఊసెత్తకుండా రా అమ్మాయ్" అంది.

మధ్యాహ్నం ఎండ. నేను సంచి సర్దుకునేలోపే ఆవిడ ముందు వెళ్ళిపోయింది. ఊరంతా మిరపతోటల్లో ఉంది. చంటిపిల్లల తల్లులు కూడా పిల్లల్ని వెంటబెట్టుకుపోయి, చేలో చెట్టుకు చీర ఉయ్యాల కట్టుకుంటారు. వీధికి అటూ ఇటూ నాపరాళ్ళ గోడలు. కళ్ళాల్లో ఆరబోసిన కాయల ఘాటుకి ముక్కు తుడుచుకుంటూ నడుస్తున్నాను. కోటయ్య గారింటి మలుపు తిరగబోతుంటే బిడ్డ ఏడుపు వినపడింది.

నెలల పిల్లల ఏడుపు వేరు, అప్పుడే భూమ్మీద పడ్డ బిడ్డ ఏడుపు వేరు. ఇది అప్పుడే పుట్టిన బిడ్డది. ఊపిరికోసం ఆగుతూ మూడు నాలుగుసార్లు ఏడ్చింది. ప్రతిసారీ చివర్లో గొంతు బొంగురుపోయి విరిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. నేను వెళ్ళకముందే అయిపోయింది, బతికిపోయాను అనుకున్నాను. వెంటనే దిగులూ వేసింది, వచ్చిన ఒక్క కాన్పూ నా చేతిదాకా రాలేదని.

అరుగుమీద కోటయ్య గారు చేతి వాచీ చూసుకుంటున్నారు.

"పుట్టింది నర్సమ్మా. మా తమ్ముణ్ణి పంతులు గారి దగ్గరికి పంపిచ్చా. ఏం బిడ్డో కనుక్కోని చెప్పు" అన్నారు.

ఆ ఊళ్ళో మగవాళ్ళు పురిటిగది దరిదాపుల్లోకి రారు. అరుగుమీద కూర్చుని, బిడ్డ ఏడుపు చెవిన పడగానే టైము చూసుకుంటారు. జాతకం ఆ టైముకే రాయిస్తారు. పక్క ఊళ్ళో ఉండే పంతులు గారి దగ్గరికి సైకిల్ మీద వెళుతున్న ఆయన తమ్ముడి వీపు వీధి చివర నేనూ చూశాను.

లోపలికి వెళ్ళాను. నాగమణి నులకమంచం పట్టె పట్టుకుని నొప్పులు పడుతోంది. కడుపు అలాగే ఉంది.

"బిడ్డేది?" అన్నాను.

ఆదెమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఏం బిడ్డ? ఎండదెబ్బ తగిలిందా ఏంది నీకు? ఇంకా ఉమ్మనీరే పోలా."

అక్కడున్న ఆడవాళ్ళెవరూ ఏ ఏడుపూ వినలేదు. ఆ గదికీ వీధికీ మధ్య ఒకే ఒక్క గోడ.

ఆలోచించే తీరిక లేదు. చేతులు కడుక్కుని పనిలో పడ్డాను. పొద్దు వాలేదాకా పట్టింది. తల బయటపడేసరికి పేగు మెడకు చుట్టుకుని ఉంది. చుట్లు విప్పి బిడ్డను తీశాను. ఆడపిల్ల. ఒళ్ళంతా నీలం, చేతులు వేలాడిపోతున్నాయి. నోట్లో కళ్ళె తీశాను, వీపు రుద్దాను, అరికాళ్ళు తట్టాను. చలనం లేదు. చెవి పెడితే గుండె ఎక్కడో అడుగున కొట్టుకున్నట్టు అనిపించింది. అది కూడా ఇప్పుడు గట్టిగా చెప్పలేను.

ఆదెమ్మ కంచుపళ్ళెం తెచ్చి బిడ్డ చెవి దగ్గర గరిటెతో మోగించింది. ఏడవని బిడ్డకు అక్కడ అలా చేస్తారు. ఆ మోతకు నా చెవులు గింగురుమన్నాయి గానీ బిడ్డ ఉలకలేదు. కాసేపటికి ఆవిడే పళ్ళెం కింద పెట్టేసింది.

"ఇంక వదిలెయ్ అమ్మాయ్. పెద్దపాణం దక్కింది. అదే చానా" అంది.

బిడ్డ నోటిమీద పల్చటి గుడ్డ వేసి ఊదడం మాకు నేర్పారు. ఎప్పుడు ఆపేయాలో కూడా నేర్పారు. ఆ హద్దు దాటిపోయిందని నాకు తెలుసు. ఈ బిడ్డ నా చేతుల్లో పోతే ఆ ఊళ్ళో ఇంకే తలుపూ నాకు తెరుచుకోదనీ తెలుసు. ఇంకే రోజైనా అయితే ఆపేసి ఏడుస్తూ కూర్చునేదాన్ని. కానీ నేను విన్నాను కదా. అంత గట్టిగా ఏడ్చిన పిల్ల ఏడవకుండా ఎలా పోతుంది? ఇప్పుడు రాస్తుంటే పిచ్చిమాటలా ఉంది. అప్పుడు మాత్రం ఎంతో సబబుగా తోచింది.

"ఇది ఏడుస్తది. నేను ఇన్నా" అన్నాను. నేను ఊదుతూనే ఉన్నాను.

బిడ్డ ఎక్కిలి వచ్చినట్టు ఒకసారి గాలి మింగింది. ఇంకాసేపటికి మరోసారి. తర్వాత ఏడ్చింది. ఊపిరికోసం ఆగుతూ, చివర్లో బొంగురుపోయి విరుగుతూ. మలుపు దగ్గర నేను విన్న ఏడుపే. ఆదెమ్మ నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చేసింది. నాకు మాత్రం సంతోషం రాలేదు, ఒళ్ళు జలదరించింది.

అప్పుడే అరుగుమీద నుంచి కోటయ్య గారు కేకేశారు. "ఏందే, ఇంకోళ్ళు కూడానా? కవలలా?"

ఆయన ఇంతసేపూ బిడ్డ పుట్టేసిందనే కూర్చున్నారు. నాగమణి మూలుగులు వినపడుతుంటే మాయ పడలేదేమో అనుకున్నారట. ఏం బిడ్డో ఎవరూ వచ్చి చెప్పకపోతే, ఆడపిల్లయి ఉంటుంది, అందుకే నోరు మెదపడం లేదని సరిపెట్టుకున్నారట.

ఇక ఆ ఇంట్లో టైము దగ్గర పేచీ మొదలైంది. పొద్దువాలాక పుట్టిన పిల్లకి మధ్యాహ్నం టైము ఎలా రాయిస్తావని ఆదెమ్మ. "ఇన్నా కాబట్టి రాయిచ్చా. నర్సమ్మ కూడా ఇన్నది" అని కోటయ్య గారు. తొలి ఏడుపు టైమే లెక్క అన్నారట పంతులు గారు. చివరికి ఆయన పంతమే నెగ్గింది. తను ఇంకా తల్లి కడుపులో ఉన్న టైముకి రాసిన జాతకంతో ఆ పిల్ల పెరిగింది.

మర్నాడు నేను ఆ వీధంతా తిరిగాను. చంటిపిల్ల ఉన్న ఇల్లు ఒక్కటీ దొరకలేదు. మేకపిల్ల అనుకుందామంటే ఆ వేళకి మందలన్నీ మేతకి పోయి ఉన్నాయి. పిల్లి అయి ఉంటుందని ఆదెమ్మ తేల్చేసింది. పిల్లులు పసిబిడ్డల్లా ఏడుస్తాయి, నిజమే. నెమలి అరుపు కూడా ఒక్కోసారి అలాగే ఉంటుంది. వీటిలో ఏదో ఒకటని ఒప్పుకుంటే నాకు హాయిగా ఉండేది. ఒప్పుకోబోతే ఆ బొంగురు అడ్డం వచ్చేది.

తర్వాత ఊళ్ళో నా పేరే మారిపోయింది. ఊది బతికించిన నర్సమ్మ అన్నారు. తలుపులు తెరుచుకున్నాయి. మంత్రసాని తిరిగొచ్చాక కూడా కష్టమైన కాన్పులకు నన్ను పిలిచేవారు. ఆ ఏడుపు వల్లే నేను పురుళ్ళ పనిలో నిలదొక్కుకున్నాను.

కొన్నేళ్ళ తర్వాత కోటయ్య గారిని మళ్ళీ అడిగాను, ఆ రోజు సరిగ్గా ఏం విన్నారని. ఆయన నవ్వారు.

"నేనేడ ఇన్నా? నువ్వే మలుపు తిరిగొచ్చి పుట్టిందిగా బాబాయ్ అంటివి. అప్పుడే గదా వాచీ చూసుకుంది" అన్నారు.

నేను అనలేదు. ఆ రోజు తనే విన్నానని పంతం పట్టారు కూడా. నేను వచ్చేసరికే సైకిల్ వెళ్ళిపోతోంది. ఆ వీపు నాకు కళ్ళకు కట్టినట్టు గుర్తుంది. ఆయనకి నేను అన్న మాట అంతే బాగా గుర్తుంది. ఇద్దరం అబద్ధమాడే మనుషులం కాదు. ఎంతసేపు మాట్లాడుకున్నా తేలలేదు.

ఎనభైల చివర్లో నాకు మాచర్ల బదిలీ అయింది. ఒక ఉదయం షకీలా అనే అమ్మాయికి నొప్పులొస్తున్నాయని పిలిచారు. ఆమె మామగారు మస్తాన్ గారు నాపరాళ్ళు కోసే మిషన్ల దగ్గర మెకానిక్. వాళ్ళ గుమ్మానికి గళ్ళ దుప్పటి పరదాగా వేలాడుతోంది. ఆ పరదా మీద చెయ్యి వేయబోతుంటే లోపల బిడ్డ ఏడ్చింది. సన్నటి గొంతు. రెండుసార్లు ఏడ్చి ఊరుకుంది.

పరదా తీసి చూస్తే షకీలా, ఆమె అత్తగారు. ఇంకెవరూ లేరు.

ఈసారి నేనేమీ అడగలేదు. పైగా నాకు కొండంత ధైర్యం వచ్చింది. షకీలా భయపడుతుంటే తల నిమిరి, "నీ బిడ్డకేం కాదు, నాది పూచీ" అన్నాను. అలాంటి మాట ఏ తల్లికీ ఇవ్వకూడదని మాకు నేర్పారు.

బిడ్డ చలనం లేకుండా పుట్టింది. మళ్ళీ ఆడపిల్లే. నేను కంగారు పడలేదు. ఊదాను, రుద్దాను, ఊదాను. ఏడుస్తుందని ఎదురుచూస్తూ ఊదాను. ఒంట్లో వెచ్చదనం తగ్గిపోయాక కూడా ఊదుతుంటే షకీలా అత్తగారు నా భుజం పట్టుకుని ఆపింది. ఎందుకు ఏడవదో నాకు అర్థం కాలేదు. ఒకరి మాట నమ్మి మోసపోయినట్టు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియదు.

పరదా అవతల నుంచి మస్తాన్ గారు అడిగారు. "ఏడ్చిందా బేటీ?"

ఆయన ఎందుకు అడుగుతున్నారో నాకు తెలుసు. మాలో, పుట్టినప్పుడు ఒక్కసారన్నా ఏడ్చి పోయిన బిడ్డ మనిషి కింద లెక్క. పేరు పెడతారు, స్నానం చేయిస్తారు, మగవాళ్ళు వరసగా నిలబడి జనాజా నమాజు చదువుతారు. ఏడవని బిడ్డను గుడ్డలో చుట్టి మట్టి చేసి వస్తారు, ఆ నమాజు ఉండదు. ఏడ్చిందో లేదో చెప్పాల్సింది పురుడు పోసిన మనిషే.

షకీలా తల తిప్పి నన్నే చూస్తోంది. అత్తగారు తలొంచుకుని గుడ్డలు మడుస్తోంది. ఆ గదిలో ఎవరూ ఏమీ వినలేదని ముగ్గురికీ తెలుసు.

"ఏడ్చింది. రెండుసార్లు" అన్నాను.

అత్తగారు గుడ్డలు మడవడం ఆపలేదు. షకీలా కళ్ళు మూసుకుంది. ఆ సాయంత్రం ఆ పిల్లకు రజియా అని పేరు పెట్టి, నమాజు చదివి తీసుకెళ్ళారు.

మొదటి ఏడుపు ఒక బిడ్డను నిలబెట్టడానికి వినపడిందని కొన్నేళ్ళు నాలో నేను అనుకునేదాన్ని. రజియా తర్వాత అలా అనుకోవడం మానేశాను. ఎందుకు వినపడిందో, అసలు ఆ ఏడుపు ఆ బిడ్డదేనో కాదో నాకు తెలియదు. నా తర్వాతి కాన్పుల్లో మళ్ళీ ఎప్పుడూ వినపడలేదు. ఆ రోజు నేను సాక్ష్యం చెప్పానా, అబద్ధం చెప్పానా అని ఈ వయసులో కూడా నమాజుకు కూర్చున్నప్పుడు అడుగుతుంటాను. విన్నానన్నది మాత్రం నిజం.