లాకు దాటిన తెప్ప

"తలుపు తియ్యి," అన్నారు మా బావగారు.

కాలువ నీటిని ఆపే లాకు తలుపుల దగ్గర కాపలా ఉండే లస్కరు ఆయన ముఖంలోకి ఒకసారి చూసి, ఇనుప చక్రం మీద చెయ్యి వేశాడు. తలుపుల మధ్య నీళ్ళు మెల్లగా దిగాయి. వాటితో పాటు అరటిబోదెల తెప్పా దిగింది. దాని మీద పసుపు పూసిన మట్టిబొమ్మ, కొత్త కుండలు, కాళ్ళు కట్టేసిన కోడిపుంజు, పోయినవాళ్ళ బట్టల మూట ఉన్నాయి. ఎగువ గట్టు మీద డప్పులు జోరందుకున్నాయి. దిగువ గట్టు మీద వెదురుగడలు పట్టుకుని నిలబడ్డ జాలర్లలో అప్పటిదాకా అరుస్తున్న వాళ్ళు కూడా నోరు మూసుకున్నారు.

ఊళ్ళో వాంతిభేది తగిలితే అమ్మవారిని సాగనంపడం మా గోదావరి వైపు ఆచారం. కొలుపు చేసి, రోగుల బట్టలతో సహా అమ్మను తెప్పెక్కించి కాలువలో వదులుతారు. దిగువ ఊరివాళ్ళు గడలతో తోసి ఇంకా కిందికి పంపుతారు. ఏరు ఒక్కటే ఉన్న కాలంలో ఆ తెప్ప ఎవరినీ అడగకుండా సముద్రం దాకా పోయేదట. కాలువలు వచ్చాక లాకులు వచ్చాయి. ఇప్పుడు అమ్మవారు కూడా ఎవరో ఒకరు తలుపు తీసేదాకా ఆగాలి.

ఆ రోజు తెప్ప ఆగింది. సర్కారు డాక్టరుగా కలరా డ్యూటీ మీద పడవలో తిరుగుతున్న మా బావగారు, సెలవులకని ఆయన వెంట ఉన్న నేను అక్కడికి వెళ్ళేసరికి రెండు గట్ల మీదా జనం.

"మీ మరిడమ్మని మీ ఇంట్లోనే పెట్టుకోండ్రా!" అని దిగువవాళ్ళు.

"అమ్మ ఎల్తానంటే ఆపడానికి నువ్వెవడివిరా? నీ అత్తగారనుకున్నావా?" అని ఎగువవాళ్ళు.

లస్కరు చేతులు కట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. "పడవైతే రుసుం కట్టించుకుని వదిలేస్తానండి. అమ్మవార్ని ఏం అడగమంటారండి? ఆయ్, తమరే చెప్పాలండి."

జబ్బు ఊరు దాటకుండా చూడమని బావగారికి సర్కారు అధికారం ఇచ్చింది. తెప్పను ఒడ్డుకు లాగించి తగలబెట్టించవచ్చు. పక్కన ఒక్క జవానూ లేడు. ఎగువ గట్టు మీద కర్రలు లేని చేతులు తక్కువ. ఆయన చాలాసేపు నీళ్ళకేసి చూశారు. తర్వాత తలుపు తియ్యమన్న ఆ మాట అన్నారు.

ఇంకో సంగతి చెప్పకపోతే ఇది భయపడ్డ డాక్టరు కథ మాత్రమే అవుతుంది. మా బావగారు రాజమండ్రి ఆస్పత్రిలో పనిచేస్తూ, ఇంగ్లండు సీమలో ఒక విశ్వవిద్యాలయానికి ఎం.డి. పట్టా కోసం అర్జీ పెట్టుకున్నారు. పై పట్టా అంటే ఇంకాస్త లావు పుస్తకాలు చదివి రాసే పరీక్ష అనుకునేవాణ్ణి నేను.

"చదివింది అప్పజెబితే వాళ్ళకక్కర్లేదోయ్," అన్నారు ఆయన. "నేను స్వయంగా చూసింది, ఇంకెవరూ రాయనిది రాయాలి. పై అధికారి యోగ్యతాపత్రం ఇవ్వాలి. ముందు విషయం పంపితే అది పనికొస్తుందో లేదో చెబుతారు. ఆ తర్వాతే గ్రంథం."

మా నాన్నగారిది మెయిన్‌రోడ్డులో కిరాణా కొట్టు. ఆయనకీ సంగతి బోధపడలేదు. "దీంతో రోగం తొందరగా తగ్గుతుందా అల్లుడుగారూ?"

"తగ్గదండి మావయ్యగారూ. ఎలా వచ్చిందో తెలుస్తుంది."

"ఎలా వచ్చిందో తెలిసి, తగ్గకపోతే, మీ దగ్గర మందు ఎవడు కొంటాడండి?"

ఆయన పంపిన విషయం, కాలువల వెంట కలరా ఎలా ప్రయాణం చేస్తుందన్నది. బాగుంది, ప్రత్యక్ష నిదర్శనం కావాలి అని జవాబు వచ్చింది. ఆ జవాబు తెప్ప కంటే ముందే వచ్చింది.

తెప్ప దిగువ ఊరి రేవులో తుంగకు చిక్కుకుంది. గడలతో తోస్తే ముక్కలుగా విడిపోయింది. కుండలు, మూట నీళ్ళలో మునిగాయి. ఊరంతా మంచినీళ్ళు ముంచుకునేది ఆ రేవులోనే. వారం తిరక్కుండా అక్కడ చావులు మొదలయ్యాయి. బావగారు ఆ ఊళ్ళోనే మకాం పెట్టి, నీళ్ళు కాచి తాగమని గుడిసె గుడిసెకూ తిరిగారు. చేతనైనంత వైద్యం చేశారు. చూసినదంతా రాసుకున్నారు.

ఆ తర్వాత ఆయన డప్పు చప్పుడు భరించలేకపోయేవారు. పెళ్ళి ఊరేగింపు వీధిలోకి వస్తే పెరట్లోకి వెళ్ళిపోయేవారు. పడవలో ఆ దారిన వెళ్ళవలసి వస్తే లాకుకు ముందే దిగి, గట్టున నడిచి, అవతల మళ్ళీ ఎక్కేవారు. ఎండలో ఎందుకని ఎవరైనా అడిగితే కాళ్ళు పట్టేశాయనేవారు.

గ్రంథానికి శుద్ధప్రతి రాసింది నేనే. తెప్ప దిగువకు పోయిందని ఉంది అందులో. ఎవరు పోనిచ్చారో లేదు. నేను అడగలేదు. మా అక్క అడిగింది, అన్నం వడ్డిస్తూ.

"ఆ వేళ తలుపు తియ్యమన్నది మీరా, మీ పరీక్షా?"

"ఆ కర్రలు నువ్వు చూడలేదు," అని ఆయన కంచం ముందు నుంచి లేచిపోయారు.

కొన్నాళ్ళకు పరీక్షకుల దగ్గర నుంచి ఒక్క ప్రశ్న వచ్చింది. తెప్ప రాకముందు దిగువ ఊళ్ళో ఒక్క రోగి కూడా లేడని రుజువేమిటి? న్యాయమైన ప్రశ్న. లేడని తేలితే పట్టా వస్తుంది, కానీ ఆ చావులు ఆయన అన్న మాటకు చుట్టుకుంటాయి. ఉన్నాడని తేలితే ఆయన నిద్రపోవచ్చు, కానీ గ్రంథం చిత్తుకాగితం. ఏ జవాబు కోరుకుంటున్నారో ఆయనకే తెలిసినట్టు లేదు. ఇద్దరం కలిసి ఆ ఊరు వెళ్ళాం.

మొదట పోయిన జాలరి భార్య గుడిసె ముందు ఎండుచేపలు తిరగేస్తోంది. మీ ఆయనకు ఎప్పుడు మొదలైందమ్మా అని అడిగారు బావగారు.

"అమ్మవారొచ్చాకేనండి. అంతకుముందు మా ఇంట్లో ఎవరికీ ఏం లేదండి బాబూ."

పక్కన వల బాగుచేస్తున్న ఆమె మరిది తలెత్తాడు. "అదేంటే వదినా! అంతకుముందు రోజే కదే సంత నుంచి వచ్చి, కక్కుకుని పడుకున్నాడు?"

"అది కల్లెక్కువైంది. నువ్వూ తాగావుగా, నీకు తెలీదేంటి?"

"నేనూ తాగాను. నేను కక్కానా?"

"నీది పొట్టా, తాటితొర్రా?" అని ఆమె నవ్వబోయి ఆగిపోయింది. బావగారి వైపు తిరిగింది. "తలుపు తియ్యమంది తమరేనంట కదండీ?"

"అవునమ్మా," అన్నారు ఆయన.

ఆమె మళ్ళీ చేపలు తిరగేయసాగింది. మేము వచ్చేశాం.

ఆ ప్రశ్నకు నిశ్చయంగా చెప్పలేనని ఆయన జవాబు రాశారు. గ్రంథం తిరిగి వచ్చింది. ఆయన ఇంకెప్పుడూ అర్జీ పెట్టలేదు. ఆయన పోయాక, పత్రిక పని మీద ఆ వైపు వెళ్ళినప్పుడు నేను మళ్ళీ వాకబు చేశాను. ఆ జాలరి భార్యా లేదు, ఆమె మరిదీ లేడు. సంత నుంచి వచ్చిన రోజు ఆ జాలరి కక్కుకున్నది కల్లు వల్లనో, కలరా వల్లనో చెప్పగలిగినవాళ్ళు ఆ ఊళ్ళో ఎవరూ మిగల్లేదు.