మీరు అనని మనిషి

జలంధర్‌ది జగిత్యాల దగ్గర పల్లె. పదిహేడేళ్ళుగా ఖతర్‌లో ఏసీలు బాగుచేస్తున్నాడు, అందులో ఆఖరి ఆరేళ్ళు దోహాలోని అల్ అజీజియా పేటలో ఒక ప్రైవేటు కాలేజీలో. ఆ భవనంలో ఏ గొట్టం ఎటు పోతుందో ప్లాను చూడకుండా చెప్పగలడు. ఈ ఏడు సూపర్‌వైజర్ ఉద్యోగం ఖాళీ అయింది. అది వస్తే జూలై ఎండలో అరిగిన మోకాళ్ళతో నిచ్చెనెక్కి మిద్దె మీదికి పోనక్కర్లేదు. అతన్ని ఆ కాలేజీలో పనికి పెట్టిన మెయింటెనెన్స్ కంపెనీవాళ్ళు కాలేజీ నుంచి సిఫారసు ఉత్తరం తెమ్మన్నారు. అది రాయాల్సింది పరిపాలనాధికారి కృష్ణప్రసాద్.

కృష్ణప్రసాద్‌ది కాకినాడ. జలంధర్ కంటే తొమ్మిదేళ్ళు చిన్న. దోహాలో డిగ్రీలు చదువుతున్న తెలుగు పిల్లలకు శనివారాలు అదే కాలేజీలో ‘జీవన నైపుణ్యాలు, విలువలు’ అనే తరగతి నడుపుతాడు. ఒక వారం కృతజ్ఞత, ఒక వారం సమయపాలన. విలువలకు టైమ్‌టేబుల్ వేసే రకం. ఆ వారం వంతు శ్రమ గౌరవానిది.

"శనివారం యూనిఫామ్‌లో రా. హెల్మెట్ కూడా పెట్టుకో," అన్నాడు ఫోన్‌లో.

"ఏసీ పనికి హెల్మెట్ ఎందుకు సార్?"

"ఫొటోలు బాగుంటాయి. నీ ఉత్తరం సంగతి ఆ తర్వాత చూద్దాం."

జలంధర్ ఎవరిదో సైటు హెల్మెట్ అడిగి తెచ్చుకున్నాడు.

తరగతిలో ఇరవై మంది. కృష్ణప్రసాద్ చెమట గురించీ, కాయలు కాసిన చేతుల గురించీ అరగంట మాట్లాడాడు. ఆ చేతులున్న మనిషి ఆ అరగంటా పక్కన నిలబడే ఉన్నాడు. కుర్చీ వెయ్యాలని ఎవరికీ తోచలేదు. చివరికి తన వంతు వచ్చాక జలంధర్ బోర్డు మీద కంప్రెసర్ బొమ్మ గీశాడు. కృష్ణప్రసాద్ ఇంకా బోర్డుకు అడ్డంగానే ఉన్నాడు.

"సార్, నువ్వు జర పక్కకు జరుగు. పోరగాండ్లకు కనవడ్తలేదు."

వెనక వరస కిసుక్కుమంది. "సార్‌ని నువ్వంట రోయ్!" అన్నాడు నితీష్ అనే కుర్రాడు, పైకే.

జలంధర్‌కు ఏమైందో అర్థం కాలేదు. వాళ్ళింట్లో తండ్రినీ నువ్వంటారు, దేవుణ్ణీ నువ్వే అంటారు. ‘మీరు’ పరాయివాళ్ళకు. కృష్ణప్రసాద్‌కు ఆ నువ్వు కొత్తేమీ కాదు, కారిడార్లో ఆరేళ్ళుగా వింటున్నదే. పిల్లల ముందు పడేసరికి చెవులు ఎర్రబడ్డాయి.

"ఇదిగో, పెద్దవాళ్ళని మీరు అనాలి. ఆ మాత్రం తెలీదా నీకు? చూశారా పిల్లలూ, పనొక్కటే వస్తే చాలదు, సంస్కారం ఉండాలి."

ముందు వరసలోని అక్షర లేచింది. "సార్, ఆయన మీకంటే పెద్దాయన కదా? మీరేమో ఆయన్ని నువ్వంటున్నారు."

"అది వేరమ్మా."

"ఎలా వేరు సార్?"

"నువ్వు కూర్చో."

అని జలంధర్ వైపు తిరిగాడు. "ఒక్క ముక్క. ‘క్షమించండి, మీరు జరగండి’ అను. వీళ్ళూ నేర్చుకుంటారు. తర్వాత ఆఫీసుకు రా, సంతకం పెట్టేస్తాను."

జలంధర్ హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టాడు.

"మీరు అంటే అయిపాయెనా సార్? సరే. మీరు మస్తు చెప్పిండ్రు. అరగంట నా గురించే చెప్పిండ్రు, నా పేరు సుత చెప్పలే. మీరు జరగకుండ్రి. నేనే పోత."

పోయాడు. అక్షర చప్పట్లు కొట్టబోయి, చుట్టూ చూసి మానుకుంది.

ఉత్తరం మంగళవారం వచ్చింది. పనితనం: చాలా మంచిది. ప్రవర్తన: మెరుగుపడాలి. సూపర్‌వైజర్ ఉద్యోగం ఫయాజ్‌కు పోయింది. ఫయాజ్‌కు పని నేర్పింది జలంధరే. "మాఫ్ కరో భాయ్," అన్నాడు ఫయాజ్. "నీదేం తప్పు లేదు తమ్మీ, నువ్వు పని చూస్కో," అన్నాడు జలంధర్.

జూలైలో కృష్ణప్రసాద్ గదిలో ఏసీ ఆగిపోయింది. కారిడార్లో ఎదురుపడిన జలంధర్‌ను ఆపి, "ఒకసారి వచ్చి చూడవయ్యా, ఉడికి చస్తున్నా," అన్నాడు.

"మీరు కంప్లయింట్ రాసియ్యుండ్రి సార్. ఫయాజ్ చూస్తడు, సంతకం పెడ్తడు. రేపో ఎల్లుండో మీ నంబర్ వస్తది."

అంత మర్యాద మింగుడుపడక కృష్ణప్రసాద్ ముఖం మాడ్చుకున్నాడు.