గీత లేని రంగు

ఉత్తరాది చలిదేశంలో, సరస్సు ఒడ్డునున్న కువోపియో రేవులో ఐస్‌క్రీం అమ్మే టెల్లెర్వోని గుర్తుపట్టడానికి కొట్టు మీద బోర్డు అక్కర్లేదు. జులై వచ్చేసరికి ఆ చిన్న కిటికీలోంచి ఒక కాఫీ రంగు చెయ్యి బయటికొచ్చి కోన్ అందించేది. ఊళ్లో తక్కినవాళ్లంతా ఎండకి ముందు ఎర్రబడి, తర్వాత పొట్టు లేచి, ఆగస్టు దాటకుండానే మళ్లీ పిండి రంగుకి వచ్చేసే బాపతు. టెల్లెర్వో అలా కాదు. చెట్ల ఆకులు పసుపెక్కినా, అక్టోబరు వానలు పట్టుకున్నా, సరస్సు అంచున గాజుపెంకులా మంచు కట్టినా ఆమె రంగు దిగేది కాదు. చలికాలం మార్కెట్ హాల్లో ఉన్ని ఉండలు అమ్ముకునేది. తెల్ల ఉన్ని ఉండ పట్టుకున్న ఆ చెయ్యి ఇంకా నల్లగా కనిపించేది.

ఈ రంగుల పిచ్చి ఎక్కడ మొదలై ఎక్కడ తిరుగుతుందో చెప్పడం కష్టం. ఒకప్పుడు ఇక్కడి దొరసానులు ఎండ తగలకుండా గొడుగులేసుకుని తిరిగేవాళ్లు. కమిలిన చర్మం కూలివాళ్లది. ఆ కూలివాళ్లు ఫ్యాక్టరీల నీడలోకి వెళ్లి తెల్లబడేసరికి, దొరసానులు గొడుగు ముడిచి సముద్రపొడ్డున పడుకోవడం మొదలుపెట్టారు. భూగోళానికి ఒక పక్క తెల్లబడే క్రీములు, ఇంకో పక్క నల్లబడే క్రీములు. బహుశా ఒకే ఫ్యాక్టరీలో ఒకే మనిషి ఉదయం ఒక మూత, మధ్యాహ్నం ఇంకో మూత బిగిస్తుంటాడు.

టెల్లెర్వోకి మాత్రం ఇది ఫ్యాషను కాదు. సరస్సు అవతలి పల్లెలో బక్కపలచగా, కాగితంలా పుట్టింది. ఏ జలుబు వచ్చినా ముందు ఆమెకే వచ్చేది. ఈ పిల్ల చలికాలం గట్టెక్కదని ఇరుగుపొరుగు ఆమె వినేలాగే అనుకునేవాళ్లు. పిల్లని ఎండలో పెట్టమని ఊళ్లు తిరిగే నర్సు చెబితే, వాళ్లమ్మ మంచు కరగడం మొదలవగానే పశువుల కొట్టం దక్షిణపు గోడకి చెక్క వేసి, ఉన్ని శాలువా చుట్టి కూర్చోబెట్టేది. చూరు మీంచి మంచునీళ్లు టపటపా పడుతుంటే పిల్ల కళ్లు మూసుకుని ఎండ తాగేది. ఆ వేసవి ఒళ్లు గోధుమరంగుకి తిరిగితే, "ఇప్పుడు మనిషిలా ఉన్నావే" అంది పక్కింటి ముసలమ్మ. ఆ మాట ఆమెలో అలాగే నిలిచిపోయింది. రంగు ఉంటే మనిషి, దిగితే రోగి.

పెళ్లి చేసుకుంది, విడిపోయింది. మాజీ మొగుడు ఔలు అనే ఊళ్లో ఉంటాడు, క్రిస్మస్‌కి కార్డు పంపుతాడు. ఆమెకి అసలు కుటుంబం అంటే సరస్సు ఒడ్డున చెక్క సౌనాలో, అంటే ఆవిరిస్నానపు గదిలో, శనివారం శనివారం కలిసే చలి ఈతల ఆడవాళ్లే. సరస్సు గడ్డకట్టాక మంచులో గుంట కోస్తారు. సౌనాలో ఉడికి, అందులో మునిగి, మళ్లీ వచ్చి ఉడుకుతారు.

ఆ గుంట తెరిచే రోజున వాళ్లకో పద్ధతి ఉంది. సౌనాలో అందరూ నగ్నంగానే కూర్చుంటారు కదా, పోయిన వేసవి ఈతదుస్తుల గీత ఎవరి ఒంటి మీద ఇంకా స్పష్టంగా మిగిలుందో చూస్తారు. గీత మిగిలినావిడకి పొయ్యి పక్కన పైమెట్టు మూల, కాగిన రాళ్ల మీద నీళ్లు పోసి ఆవిరి లేపే గరిటె. వసంతం దాకా ఆవిరి ఎంత రావాలో ఆవిడే నిర్ణయిస్తుంది. గరిటె ఏళ్లతరబడి టెల్లెర్వోదే.

దాని వెనక ఒక గుట్టుంది. ఊరి చివర కరెంటు ఎండ అమ్మే దుకాణం ఒకటుంది. శవపేటికలాంటి పెట్టె, లోపలంతా నీలం ట్యూబులైట్లు. సెప్టెంబరు నుంచి ఆమె వెనక తలుపులోంచి వెళ్లి, వేసవిలో వేసుకున్న ఈతదుస్తులే వేసుకుని అందులో పడుకునేది. గీత చెరగకూడదు కదా.

ఈ ఏడు ఆగస్టులో వీపు మీద పుట్టుమచ్చ ఒకటి లోబట్టల పట్టీకి రాసుకుని రక్తం వచ్చింది. ఆసుపత్రిలో కోసి తీశారు, పరీక్షకి పంపారు. "చెడ్డ మచ్చే, క్యాన్సరుదే, కానీ పైపైనే ఉండగా దొరికింది, మొత్తం తీసేశాం" అంది డాక్టరు. "ఇకమీదట ఎండలో కాలడం లేదు, ఆ పెట్టెలో పడుకోవడం అసలే లేదు."

బతికిపోయానని సంతోషించాల్సిన మనిషి బస్టాపులో కూర్చుని గరిటె గురించి ఆలోచించింది. గరిటె పోతే పోయింది. ఆమెకి భయం ఇంకోటి. రెండేళ్ల కిందట ఆ సౌనా ఆడవాళ్లలో మైరె అనే ఆవిడకి తుంటి ఆపరేషనయింది. అప్పట్నుంచి సౌనాలో ఆమెని కింది మెట్టు మీద, మెత్తటి తువ్వాలు వేసి కూర్చోబెట్టారు. ఆమెతో గొంతు తగ్గించి, పింగాణీ కప్పు పట్టుకున్నట్టు మాట్లాడతారు. మైరెకి అది బాగానే ఉంది. టెల్లెర్వోకి ఆ మెత్తటి గొంతు వింటే పశువుల కొట్టం గోడ, శాలువా గుర్తొస్తాయి. మచ్చ సంగతి ఎవరికీ చెప్పకూడదు, రంగు దిగకూడదు. అంతే అనుకుంది.

ముందు క్యారెట్లు మొదలుపెట్టింది. ఎక్కడో చదివింది, తింటే ఒంటికి రంగొస్తుందని. కుట్లున్నన్నాళ్లు జలుబని సౌనాకి ఎగ్గొట్టింది. ఆ రోజుల్లో సౌనా జట్టులోని హిల్కా ఉన్ని కొట్టుకి వచ్చి గల్లా మీద మోచేతులు ఆనించింది. హిల్కా సర్వీసంతా సిటీ బస్సు నడిపి రిటైరయిన మనిషి. ఆమె ఏం మాట్లాడినా వెనక సీటు దాకా వినపడుతుంది.

"ఏమే, చచ్చావా బతికావా? శనివారాలు కనపడవేం?"

"జలుబు."

"జలుబుకి అరచేతులు పసుపెక్కుతాయా? కామెర్లేమోనే."

"క్యారెట్లు తింటున్నా."

"కుందేలు కూడా అన్ని తినదు. మొగుడు పోయిన బాధలో ఉన్నావనుకుంటున్నారు అక్కడంతా."

"నా మొగుడు ఔలులో శుభ్రంగా ఉన్నాడు."

"అదే మరి బాధ" అని ఎర్ర ఉన్ని రెండుండలు కొనుక్కుని వెళ్లింది హిల్కా.

క్యారెట్లు మానేసి, టెల్లెర్వో మందుల షాపుకి వెళ్లింది. అక్కడి ఆయన ఎండ ముఖం ఎరగని తెల్లటి మనిషి. శ్రద్ధగా విన్నాడు.

"ఎండలో వచ్చిన రంగు ఎలాగూ పోతుందండీ. పై చర్మం రాలుతుంది, దాంతో పాటే రంగూ. కాస్త నెమ్మదిగా పోయేట్టు చూసుకోవచ్చు. గోరువెచ్చటి నీళ్లు, గరుకు పీచు వద్దు, ఒళ్లు అద్దుకున్న వెంటనే తేమ క్రీము."

"మరి సౌనా?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. కువోపియోలో ఈ ప్రశ్నకి జవాబు చెప్పి బతకడం తేలిక కాదు. "కొంచెం తగ్గించుకుంటే..."

"సౌనా మానేసి పక్కదేశం స్వీడన్ వెళ్లిపొమ్మంటావా బాబూ?"

"అక్కడా సౌనాలున్నాయి కదండీ."

"ఉంటాయి. గోరువెచ్చగా కాచుకుంటారు."

చివరికి ఆయన ఒక ట్యూబు తీసిచ్చాడు. ఎండ లేకుండా రంగు తెచ్చే క్రీము. ముందు మోచేతి లోపల కొంచెం రాసి, దురద వస్తుందేమో ఒక రోజు ఆగి చూడాలి. రాసే ముందు మోకాళ్లు, మడమలు మెత్తగా రుద్ది కడుక్కోవాలి, అక్కడ పల్చగా పుయ్యాలి, లేకపోతే మట్టిలో మోకరిల్లినట్టు ఉంటుంది. చేతులు కడుక్కోవాలి. ఆపరేషన్ మచ్చ మీద మాత్రం పుయ్యకూడదు. "ఇంకోటండీ. ఇది ఉత్త రంగు. ఎండ నుంచి కాపాడదు. వచ్చే వేసవికి ఎండకి రాసుకునే క్రీము వేరే రాసుకోవాల్సిందే."

పాపం ఆయన అన్నీ చెప్పాడు. ఒక్కటి మాత్రం చెప్పలేదు, ఆయనకి తోచదు కూడా.

టెల్లెర్వో ఆ పని వంటింట్లో, కేకు మీద పాకం పూసినంత ఓపికగా చేసింది. సౌనాకి ఇంకొన్ని శనివారాలు ఎగ్గొట్టి, రోజు విడిచి రోజు ఒక పూత పూసింది. మచ్చలు లేవు, చారలు లేవు. తేనె రంగు దగ్గర మొదలై కాఫీ రంగు దాకా వచ్చింది. వీపు మధ్య మాత్రం చెయ్యి అందలేదు. చెక్క గరిటెకి గుడ్డ చుట్టి అందినంత మేర పూసింది. అద్దంలో ముందు వైపు చూసుకుని మురిసిపోయింది. నవంబరులో ఆ ఊళ్లో అంత ఆరోగ్యంగా ఇంకెవరూ లేరు.

గుంట తెరిచే శనివారం వచ్చింది. బట్టలు విప్పి, తువ్వాలు భుజాన వేసుకుని, సౌనా తలుపు తీసింది. మెట్ల మీద కూర్చున్న ఆడవాళ్లంతా తలలు తిప్పారు.

"టెల్లెర్వో," అంది హిల్కా పై మెట్టు మీంచి, "ఈ వేసవి ఎక్కడ పడుకున్నావే?"

"రేవులోనే. ఎప్పటిలాగే."

"రేవు నడిబొడ్డున, బట్టల్లేకుండానా?"

అప్పుడు చూసుకుంది కిందికి. మెడ నుంచి మడమల దాకా ఒకటే రంగు. రొమ్ములకి రంగు, పిరుదులకి రంగు. పట్టీ లేదు, అంచు లేదు, గీత అనేదే లేదు. పందెం గీత మీద. ఆ గీతని తనే, ఓపిగ్గా, పూత మీద పూత పూసి చెరిపేసుకుంది.

ఒకావిడ నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు, చెక్కలు అదిరేలా. టెల్లెర్వోకి కూడా నవ్వొచ్చింది. తలుపు వెయ్యడానికని వెనక్కి తిరిగింది. ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది.

వీపు మధ్య తెల్లటి ద్వీపం ఒకటి మిగిలింది. దాని నడుమ గులాబీ రంగులో, ఇంకా పచ్చిగా, కుట్ల మచ్చ.

"అయ్యో తల్లీ," అంది మైరె. ఆ మెత్తటి గొంతు వచ్చేసింది. "చెప్పలేదేం మాకు? ఒక్కదానివే పడ్డావా ఇదంతా? రా, ఇలా కింద కూర్చో, ఇక్కడ వేడి తక్కువ." తన తువ్వాలు సగం పరిచింది. తర్వాత మిగతావాళ్ల వైపు చూసి, "ఈ ఏడు పందెం వద్దు. గరిటె టెల్లెర్వోకే ఇచ్చేద్దాం" అంది.

తలలు మెల్లగా ఊగాయి. అందరి ముఖాల్లో ఒకే జాలి. టెల్లెర్వో తువ్వాలు గుప్పిట్లో బిగించి నిలబడింది. గరిటె తనదే అయ్యేలా ఉంది. అంత కంటే పెద్ద ఓటమి ఇంకోటి తట్టలేదామెకి.

"ఎందుకివ్వాలి?" అంది హిల్కా. వెనక సీటు దాకా వినపడే గొంతు, ఏ మార్పూ లేదు. "గీత ఏది? నా పడవల షెడ్డు వెనక గోడకి కూడా ఇంతకంటే బాగా రంగేశాను నేను. గీత లేదు, గరిటె లేదు." అని లేచి తన భుజం చూపించింది. పడవ తెడ్డేసి, బెర్రీలు ఏరి తెచ్చుకున్న పల్చటి గీత, వెతికితే కనిపించేంత. "ఉన్నది ఇదొక్కటే. కాబట్టి గరిటె నాది. టెల్లెర్వో, తలుపెయ్యి, వేడి పోతోంది. పైకి రా, ఎందుకక్కడ నిలబడ్డావు?"

టెల్లెర్వో తలుపేసి పైమెట్టెక్కింది. హిల్కా గరిటె నిండా నీళ్లు తీసి రాళ్ల మీద కుమ్మరించింది. ఆవిరి సలసలా లేచి చెవులు మండించింది.

"చంపుతావా?"

"గరిటె ఎవరి చేతిలో ఉంది?"

టెల్లెర్వో మోచేతుల మీంచి గోధుమ రంగు చెమట చుక్కలు చుక్కలుగా కారింది. చాలా రోజుల తర్వాత ఊపిరి గుండె నిండా తీసుకుంది.

తర్వాతి వారం హిల్కా పిలవకుండానే ఇంటికొచ్చింది. గిన్నెలు తోమే రబ్బరు గ్లౌజులు వెంట తెచ్చుకుంది. "తిరుగు. ఆ వీపుతో ఊళ్లో తిరిగితే నాకే సిగ్గు."

టెల్లెర్వో కుర్చీని వెనక్కి తిప్పి కూర్చుంది. హిల్కా పుయ్యడం మొదలుపెట్టింది. మచ్చ దగ్గరికి వచ్చేసరికి వేలు దాని చుట్టూ తిరిగింది, తగల్లేదు.

"అంటుకునే టేపు వేసి పూస్తే గీత వస్తుందే," అంది హిల్కా.

"అది మోసం."

"మరి ఇన్నేళ్లూ పెట్టెలో పడుకున్నదో?"

టెల్లెర్వో తల తిప్పి చూసింది.

"ఆ దుకాణం వెనక వీధి నా బస్సు రూటే," అంది హిల్కా. "ముక్కుకి మఫ్లరు చుట్టుకుని దూరేదానివి. నేనెవరికీ చెప్పలేదు. చెప్పుంటే ముందే మానేదానివేమో." మచ్చ చుట్టూ మిగిలిన చోట పూసింది. "నొప్పిగా ఉందా?"

"లేదు. పట్టీ తగిలితే కొంచెం."

హిల్కా గ్లౌజులు తీసి సింకులో పడేసింది. తర్వాత తన స్వెటరు తల మీంచి లాగేసి, జుట్టు పైకెత్తి పట్టుకుని, వెనక్కి తిరిగి స్టూలు మీద కూర్చుంది.

"ఇప్పుడు నాది చూడు. క్రీమొద్దు, ఊరికే చూడు."

టెల్లెర్వో కళ్లజోడు పెట్టుకుని దీపం దగ్గరికి లాక్కుంది.

"ఏముంది?"

"పుట్టుమచ్చలు బోలెడున్నాయి, ఆవగింజల్లా. కదలకుండా కూర్చో. ఒక్కొక్కటే చూస్తున్నా."