చిన్నమ్మ వేసిన దారి

మా చిన్నమ్మ గత మంగళవారం ఉదయం నగరిలో చనిపోయింది. వయసు డెబ్బై ఒకటి. రెండేళ్లుగా ఊపిరితిత్తుల జబ్బుతో ఉంది. నేను తిరుపతిలో ఆఫీసుకు బయలుదేరుతుండగా ఆమె కూతురు, నాకు అక్క, ఫోన్ చేసి, "అమ్మ పోయింది మే" అంది.

నగరిలో ఆమెను చీర అంచుల డిజైన్లతో గుర్తుపెట్టుకున్నవాళ్లు చాలామంది. గ్రాఫు కాగితం మీద గడి గడీ నింపి గీసేది. ఆ గళ్లను బట్టి అట్టలకు బెజ్జాలు కొట్టేవారు. అట్టలు మగ్గం మీదకెక్కితే పువ్వో నెమలో అంచు మీద దానంతటదే పడేది. ఒకసారి కొట్టిన అట్ట ఏళ్ల తరబడి అదే పువ్వు నేస్తుంది.

వాళ్లింట్లో నాలుగు మరమగ్గాలు ఉండేవి. నా వేసవి సెలవులన్నీ వాటి మోతలోనే గడిచాయి. ఒక వేసవిలో చీరల మూటతో మద్రాసు వెళ్లిన చిన్నాయన, తిరుగు రైలులో టీవీకి తగిలించే వీడియో గేమ్ తెచ్చాడు. జపాన్ యంత్రానికి నకలు అది. దాంతో వచ్చిన క్యాసెట్‌లో మూడే ఆటలు: ప్లాస్టిక్ తుపాకీతో బాతుల్ని కొట్టేది, మీసాలాయన గొట్టాల మీదుగా దూకేది, మోటార్ సైకిల్ పందెం. అసలు యంత్రం అమెరికాలో తొలిసారి అమ్మకానికి వచ్చినప్పుడు వెంట వచ్చిన ఆటల్లో ఈ మూడూ ఉన్నాయని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అప్పట్లో మాకు లోకంలో ఉన్న వీడియో గేములు ఆ మూడే.

మధ్యాహ్నం రెండు గంటల పాటు త్రీఫేజ్ కరెంటు తీసేసేవారు. మగ్గాలు ఆగిపోయేవి. ఇంటి లైట్లకు, టీవీకి మాత్రం కరెంటు ఉండేది. ఆ రెండు గంటలూ చిన్నమ్మవి. బాతుల ఆట ఆమెకు పడలేదు. "గురి తప్పితే గడ్డిలోంచి కుక్క లేసి నవ్వతాది. దాంతో నవ్విచ్చుకునేదానికా నేను కూసున్నేది?" అనేది. గొట్టాల ఆటా అంతే. "ఎవురో కట్టిన గోడలు మే అవి. మనం దూకతానే ఉండాల."

మోటార్ సైకిల్ ఆటలో మాత్రం పందెపు దారిని మనమే వేసుకునే వీలుంది. ఒక్కో అక్షరం ఎంచుకుంటే ఒక్కో రకం మిట్టో గుంతో పడుతుంది. అక్క అది చూపించిన రోజు చిన్నమ్మ టీవీకి దగ్గరగా జరిగింది.

"ఇది అంచు ఏసినట్టే ఉండాది సూడండే!"

గంటసేపు కూర్చుని దారి వేసింది. అయిపోయాక తెర మీద 'సేవ్' అన్న మాట కనిపించింది. దాచిపెట్టమని దానర్థమని అక్క చెప్పింది. చిన్నమ్మ నొక్కింది. మర్నాడు పెడితే బోడి నేల తప్ప ఏమీ లేదు.

"నేనేసింది యాడ మే? నువ్వేం నొక్కినావు?"

"నేను ముట్టుకోలా చిన్నమ్మా."

"ముట్టుకోకుండా యాడికి పోతాది? అట్టకు కొట్టిన బెజ్జం దానంతటదే పూడుకుంటాదా?"

నా వీపు మీద ఒక్కటి వేసింది. ఆ ఇంట్లో దాచిన డిజైను చెరిగిపోవడమన్నది ఎవరూ ఎరగరు. కాబట్టి తప్పు మనిషిదే కావాలి. రెండో రోజు మమ్మల్ని గదిలోకి రానివ్వకుండా మళ్లీ వేసి, మళ్లీ దాచింది. అదీ పోయింది. అప్పుడు నన్నేమీ అనలేదు. లోపలికి వెళ్లి గ్రాఫు కాగితం తెచ్చుకుంది.

గడికో అక్షరం, ఖాళీ చోట చుక్క పెట్టి దారినంతా దాని మీద రాసుకుంది. రోజూ మధ్యాహ్నం నేను చదివేదాన్ని, ఆమె నొక్కేది.

"ఏ. చుక్క. చుక్క. సి."

"నిదానంగా సదువు, రైలు పోతాందా?"

దారి వేయడంలో ఉన్న నేర్పు ఆమెకు బండి నడపడంలో లేదు. "నేనేసిన మిట్ట నన్నే పడేసింది" అని పడీపడీ నవ్వేది. రోజుకో గడి దిద్దేది. త్రీఫేజ్ వచ్చి మగ్గం మోత మొదలైతే చేతిలోది అక్కడే పెట్టి లేచిపోయేది.

చాలా ఏళ్ల తర్వాత ఆ 'సేవ్' సంగతి ఒకచోట చదివాను. అది పనిచేయాలంటే వేరే టేప్‌రికార్డరు తగిలించాలి. ఆ రికార్డరును జపాన్‌లో తప్ప ఎక్కడా అమ్మలేదు. చిన్నమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

"అయితే నిన్ను ఊరికే కొట్టినాను గదా మే."

"ఎప్పటి మాట చిన్నమ్మా అది."

"ఎప్పటిదైతే ఏం, దెబ్బ దెబ్బే." మళ్లీ తనే అడిగింది, "ఆ కాయితం నీ కాడ ఏమైనా ఉండాదా?"

లేదు. మగ్గాలు అమ్మేసినప్పుడు పాత డిజైను కాగితాలన్నీ కట్టలు కట్టి పాత సామాన్ల బండికి వేసేశారు. అందులో అదీ పోయింది. అప్పటినుంచి ఎప్పుడు కలిసినా ఆ దారి మాట ఎత్తేది. చీరల డిజైన్లు ఎన్నో పోయాయి, వాటిని అడగలేదు.

పోయిన ఏడాది ఆక్సిజన్ పెట్టుకుని మంచానికే పరిమితమైంది. ఆ ఆటను ఒక ట్యాబ్‌లో ఎక్కించి తీసుకెళ్లాను. ఇందులో ఎక్కడ ఆపితే అక్కడే ఉంటుంది. ఆదివారాలు తిరుపతి నుంచి బస్సులో వెళ్లేదాన్ని. పాత దారిని జ్ఞాపకం మీద వేయడానికి కూర్చునేది. ఒక మిట్ట పెట్టేది, చూసేది, తీసేసేది.

"ఇది కాదు మే. దీని తర్వాత ఇంకోటేదో ఉండె. సదివింది నువ్వే గదా, గుర్తులేదా?"

చదివింది నేనే. కాగితం రంగు గుర్తుంది, ఆమె వేలు ఏ గడి మీద ఉండేదో గుర్తుంది. అక్షరాలు గుర్తులేవు.

"ఇప్పుడైతే పోదు గదా?" అని ఒక ఆదివారం అడిగింది.

"పోదు చిన్నమ్మా."

"అయితే తొందరేముండాది" అని ట్యాబ్ నా చేతికిచ్చి కళ్లు మూసుకుంది.

అన్నీ అయ్యాక, మూడో రోజు, నేనూ అక్కా ఆ ట్యాబ్ తెరిచాం. దారి అలాగే ఉంది. ఏడు మిట్టలు. ఈ ఆటలో చివరగా ఒక అక్షరం పెడితేనే దారి ముగిసినట్టు. ఆమె దాన్ని పెట్టలేదు.

"ముగించేస్తావా మే?" అని అక్క అడిగింది.

తర్వాతి మిట్ట ఏదో నాకు తెలియదు. తెర మీద చిన్న మోటార్ సైకిలు ఏడో మిట్ట దిగి ఆగి ఉంది. దాని ముందు తెర అంచు దాకా ఖాళీ నేల.