దొర అరవడు

జగిత్యాల తహసీల్ చౌరస్తా దగ్గరి చాయ్ హోటల్లో పొద్దున తొమ్మిదింటికి మదన్ మోహన్ రావు వచ్చి కూర్చున్నాడంటే, ఆ వారం విడుదలైన సినిమాకు నూకలు చెల్లినట్టే. ఆయనకు అరవై రెండేళ్లు. పాత దొరల ఇంట్లో పుట్టాడు, పదహారో ఏట ఇంటిల్లిపాదితో ఊరు వదిలి ఇక్కడికి వచ్చాడు. ఇప్పుడు పేరుకు విత్తనాల దుకాణం. అందులో కూర్చునేది భార్య సుమతి కాబట్టి, సినిమాలను సరిదిద్దడానికి ఆయనకు తీరిక బాగానే దొరికేది.

"డప్పు ముంగట నిలవడ్తది, పాడెటోడు బాయిల వడ్డట్టు ఎక్కడ్నో మొత్తుకుంటడు" అనేవాడు కొత్త పాటల గురించి. "యూట్యూబుల గా జానపదాలు సూడుండ్రి. వరి పొలంల లంగఓణి, పైన డ్రోను, ఒడ్డు మీద బుల్లెట్ బండి. నాటేసెటోళ్లు ఎవ్వలన్న లిప్‌స్టిక్ ఏసుకుంటరా?"

సీరియళ్ల విషయంలో ఇంకా కఠినం. "గా ఇండ్లల్ల పాలగ్లాసు ఉండేది ఇసం కలుపతందుకే. తాగెటోడు ఒక్కడు లేడు." అంటూనే సాయంత్రం ఏడున్నరకు సుమతి కంటే ముందే టీవీ ముందు చేరేవాడు. తప్పు పట్టాలంటే చూడాలి కదా.

అసలు కడుపుమంట మాత్రం వేరు. ఈ మధ్య తెలంగాణ పల్లె అని తీసిన ప్రతి సినిమాలో ఒక దొర ఉంటున్నాడు. శాలువా, మీసం, ఎర్ర కళ్లు, చేతిలో కొరడా. అరుస్తాడు, చివరికి చస్తాడు, జనం ఈలలేస్తారు.

"మా నాయినను నేను సూడలేదా? ఒక్కనాడన్న గొంతు లేపిండా? కొరడా అన్నది మా ఇంట్ల లేనే లేదు. గీ తీసెటోళ్లకు దొరంటె ఏందో తెల్వది" అనేవాడు. వినేవాళ్లు చాయ్ ఊదుకుంటూ తలలూపేవారు. చాయ్ ఆయన ఇప్పించిందే.

ఒకరోజు సిరిసిల్ల నుంచి రంజిత్ అనే డైరెక్టర్ దుకాణానికి వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. మరమగ్గాలు నడిపే ఇంట పుట్టి, జానపద పాటలు తీసి కొంత పేరు తెచ్చుకుని, ఇప్పుడు వెబ్ సిరీస్‌కు దిగాడు. మదన్ మోహన్ రావు వాళ్లు కథలాపూర్ దగ్గర వదిలి వచ్చిన పాత గడి, అంటే ఆ దొరల బంగళా, షూటింగ్‌కు కావాలన్నాడు.

"కథల దొర ఉన్నడా?"

"ఉన్నడు సార్."

"చెడ్డోడేనా?"

రంజిత్ నేల చూశాడు. "మంచోడైతె ఆరు ఎపిసోడ్లు నడువయి సార్."

మదన్ మోహన్ రావు ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. షూటింగ్ జరిగినన్ని రోజులు తాను అక్కడే కూర్చుంటాడు, తప్పులుంటే చెబుతాడు. లోపలి నుంచి సుమతి "పాపం, పిలగాడు" అంది.

దొర వేషానికి హైదరాబాద్ నుంచి ఒక నటుడు వచ్చాడు. ఆయన ఎదుట చేతులు కట్టుకుని నిలబడే జీతగాడి వేషానికి ఊళ్లోనే భూమయ్యను తీసుకున్నారు. భూమయ్యకు అరవై అయిదు. అతని తండ్రి ఈ గడిలోనే బతుకంతా వెట్టి చేశాడు. భూమయ్య దుబాయ్ వెళ్లి పన్నెండేళ్లు కష్టపడి, తిరిగొచ్చి రెండెకరాలు కొని పసుపు పండిస్తున్నాడు.

కెమెరా తిరిగింది. నటుడు కళ్లురిమి, రొమ్ము గుద్దుకుని అరిచిన అరుపుకు గడి మీది పావురాలు లేచిపోయాయి. మదన్ మోహన్ రావు ఆగలేకపోయాడు.

"దొర అరువడు బాబు. దొరకు అరిసే అవసరమేముంటది? జర లేవుండ్రి, సూపెడ్త."

కుర్చీలో కూర్చుని కాలు మీద కాలు వేసుకున్నాడు. భూమయ్య వైపు చూడనేలేదు. వేలి గోరు చూసుకుంటూ, పక్కనున్నవాడికి చెప్పినంత మెల్లగా అన్నాడు.

"ఏంరా భూమిగా. మీ అయ్య కనవడ్తలేడు. కాళ్లకు చెప్పులచ్చినయా?"

భూమయ్య చెప్పులు విడిచాడు. వాటిని కాలితో పక్కకు జరిపి, తల వంచుకుని నిలబడ్డాడు. కాసేపటికి తన వట్టి కాళ్లను తానే వింతగా చూసుకున్నాడు.

ఎప్పుడు ఎదురుపడ్డా "భూమయ్యా, మంచిగున్నవా" అని పలకరించేవాడు మదన్ మోహన్ రావు. ఆ "భూమిగా" ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకే అర్థం కాలేదు. వెతుక్కునే పని లేకుండా, నిన్నమొన్నటి మాటలాగా నోట్లోకి వచ్చేసింది. రంజిత్ కెమెరా ఆపలేదు. ఆ సాయంత్రమే హైదరాబాద్ నటుణ్ని బస్సెక్కించి, దొర వేషం మదన్ మోహన్ రావుకే ఇచ్చారు.

సిరీస్ వచ్చింది. చెప్పుల సీను ఫోన్లన్నీ తిరిగింది. ఇంతగా భయపెట్టిన దొరను చూడలేదని జనం రాశారు. కోరుట్లలో ఒక పెళ్లికి వెళ్తే, భోజనాల దగ్గర ఇద్దరు ఆడవాళ్లు ఆయనను చూసి గోడకు ఒదిగి దారిచ్చారు. ఆయన దాన్ని అభిమానం అనుకున్నాడు. చుట్టాలు ఫోన్ చేసి మన పరువు తీశావంటే, "యాక్టింగుకు పరువుకు సంబంధమేంది?" అన్నాడు. దొరను చెడ్డవాడిగా చూపిస్తున్నారని చాయ్ హోటల్లో ఇన్నేళ్లు కుమిలిన మనిషి, ఇప్పుడు జనం దొరను ఊళ్లోంచి తరిమే సీను రెండు నిమిషాలే ఉంచారని, అందులోనూ తన ముఖం సరిగా పడలేదని అక్కడే కూర్చుని నెలంతా బాధపడ్డాడు.

ఇక అందనిది భూమయ్య మెప్పు ఒక్కటే. దానికోసం ఊరికి బయలుదేరాడు. భూమయ్య చేను దగ్గర పసుపు ఉడకబెడుతున్నాడు. మంచం వాల్చి కూర్చోమన్నాడు.

"సూసినవా నా యాక్టింగు?"

"సూసిన సార్."

"ఎట్లుంది మరి?"

భూమయ్య పొయ్యిలోకి కట్టె తోశాడు. "యాక్టింగు సంగతి నాకు తెల్వది. మీ నాయినను సూసినట్టే ఉండె."

మదన్ మోహన్ రావు మీసాల్లోనే నవ్వుకున్నాడు. భూమయ్య మాట ఇంకా అయిపోలేదు.

"చెప్పులు ఇడువుమని రంజిత్ సార్ నాకు చెప్పలే. కాయిదంల గూడ లేదు. పన్నెండేండ్లు అరబోని దగ్గర పనిజేసిన, వాని ముంగట గూడ ఇడువలే. గా దినం ఎందుకిడిసిన్నో ఇప్పటికి సమజైతలేదు సార్."

పసుపు ఆవిరి ఇద్దరి మధ్యా కమ్ముకుంది. మదన్ మోహన్ రావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఈసారి దిగుబడి ఎట్లుందని అడిగాడు, భూమయ్య చెప్పాడు. చాయ్ తాగి లేచి వచ్చేశాడు.

ఇంట్లో సుమతి అడిగింది. "భూమయ్య ఏమన్నడు?"

"మెచ్చుకున్నడు. అచ్చం మా నాయిన లెక్కనే ఉన్న అన్నడు."

"అది మెచ్చుకున్నట్టా?"

ఆయన టీవీ పెట్టి, సీరియల్లో అత్తను కాసేపు తిట్టి, కట్టేశాడు.

వారం తర్వాత రంజిత్ ఫోన్ చేశాడు. రెండో భాగంలో దొర మళ్లీ ఊరికి వస్తాడట. మదన్ మోహన్ రావు ఆలోచించకుండానే ఒప్పుకున్నాడు. ఫోన్ పెట్టబోతూ, వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"ఒక్క చిన్న సీను ఎక్కియ్యరాదు? దొర ఊరోళ్ల కోసం బాయి తవ్విచ్చినట్టు."

"మంచిగుంటది సార్. మీ నాయిన తవ్విచ్చిండా?"

మదన్ మోహన్ రావు కళ్లు మూసుకుని, గడి చుట్టూ, ఊరి చుట్టూ మనసులోనే ఒకసారి తిరిగి వచ్చాడు. అవతల రంజిత్ హలో, హలో అంటున్నాడు.

"నువ్వైతె రాయి" అన్నాడు. "కథే గదా."