గోడలో తమ్ముడు

ఇలా దగ్గరికి జరగండి, చాప మీద చోటుంది. కరెంటు వచ్చేలోగా ఒక సంగతి చెబుతాను. మధ్యలో టీకని లేవకండి, తెగిన మాట మళ్ళీ అందుకోవడం నాకు కష్టం.

నా తమ్ముడు ఓడలో వంటవాడు. మా తాత రేవులో మూటలు మోయడానికి శ్రీకాకుళం వైపు నుంచి బర్మాకి, ఈ యాంగోన్‌కి వచ్చాడు. మనవడు ఆ రేవు నుంచే బయటి దేశాలకు పోయాడు. బార్సిలోనా అనే ఊళ్ళో ఓడ ఆగి ఉండగా వాడికి గుండె ఆగింది. ఆ పెద్ద జబ్బు వచ్చి మా ఊరికి విమానాలు ఆగిపోయిన రోజులవి. శవాన్ని పంపలేమని, అక్కడే సమాధి చేశామని ఓడవాళ్ళు కబురు చేసి ఫోనుకి ఒక ఫోటో పంపారు. దూరం నుంచి తీసిన ఫోటో. అందులో ఒక గోడ ఉంది, అంతే.

మా అమ్మ ఆ ఫోను విసిరికొట్టింది.

"గోడ సూపించి నా కొడుకంటారేటి? నాను ఇటుకల్ని కన్నానేటి?"

కర్మ చెయ్యనివ్వలేదు. మా మరదలు ఏడవబోతే, "బతికున్నోడికి ఏడుస్తావేటే, నోరు ముయ్యి" అని కసిరింది. ఆ పిల్ల కొంగు నోట్లో కుక్కుకుంది. తామ్వే పేటలోని ఆ ఇంట్లో అత్తాకోడళ్ళిద్దరూ ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయారు. ఒకరు వీధి వైపు చూస్తూ, ఇంకొకరు ఏడుపు మింగుతూ.

చివరికి అమ్మే దిగివచ్చింది. "నువ్వెల్లి సూసిరా. నువ్వు సూసినావంటే నాను సూసినట్టే" అంది. తమ్ముడి కూతురు సింగపూరులో నర్సు. అదే టిక్కెట్లు కొని నన్ను వెంటబెట్టుకుని బయలుదేరింది.

నాకూ లోపల ఒక ఆశ ఉండేది. ఇంకెవరినో అక్కడ పెట్టి మావాడి పేరు రాసుకున్నారేమో, వీడు మతిపోయి ఏ ఆసుపత్రిలోనో కూర్చున్నాడేమో అని. ఎవరితోనూ అనలేదు.

ఆ ఊరు చూడాలి మీరు. ఇళ్ళు తిన్నగా నిలబడవు. ఒక మేడ గోడ అలలా వంపులు తిరిగి ఉంది. ఇంకో మేడ పైకప్పు చేప పొలుసుల్లా మెరుస్తుంది, గోడల నిండా పగిలిన పింగాణీ ముక్కలు అతికించారు.

"తిన్నగా కట్టడం రాదేటే ఈళ్ళకి? కొలతాడు నేదేటి?" అన్నాను.

"ఆమలే, ఓలమ్మో అత్తా! దీన్ని సూడ్డానికి లోకమంతా క్యూ కడతాది. నువ్వొక్కదానివే వంకలు ఎతుకుతున్నావు."

"మీ నాన్న సూసుంటాడా దీన్ని?"

పిల్ల నవ్వు ఆగిపోయింది. "ఓడ వంటోళ్ళకి ఊరు సూసే తీరికెక్కడిదత్తా" అంది.

చెదపుట్టల్లాంటి గోపురాలతో పెద్ద చర్చి ఒకటుంది. తాతల కాలం నుంచి కడుతూనే ఉన్నారట. తలెత్తి చూశాను గానీ మనసుకేమీ ఎక్కలేదు.

మర్నాడు శ్మశానానికి వెళ్ళాం. రేవు పక్కన కొండ మీద ఉంది. అక్కడ పోయినవాళ్ళకీ మేడలే. మన లత పేటలో ఇళ్ళలాగే అంతస్తు మీద అంతస్తు, మనిషికో గూడు, గూటికో రాతి పలక, పలక దగ్గర పువ్వులు. ఓడవాళ్ళిచ్చిన గూటి నంబరు పిల్ల చూపిస్తే అక్కడి పనివాడు చక్రాల నిచ్చెన తోసుకొచ్చి పై వరుసలో ఒక గూడు చూపించాడు. దానికి పలక లేదు. వట్టి సిమెంటుతో మూసేశారు.

"నానెక్కుతానత్తా. నీ మోకాళ్ళు ఆగవు."

"సూస్తానని మాటిచ్చింది నాను. నువ్వు నిచ్చెన పట్టుకో."

ఎక్కాను. చెయ్యి వేస్తే సిమెంటులో గీతలు తగిలాయి. తడిగా ఉండగా ఎవరో పుల్లతో గీసినట్టున్నారు. కళ్ళద్దాలు సర్దుకుని చూశాను. గుండ్రటి బర్మా అక్షరాలు. నేను రోజూ దుకాణం బోర్డుల మీద చూసే అక్షరాలు, ఆ పరాయి కొండ మీద. మా తమ్ముడి పేరు, పక్కన 'ఆకో' అని. అన్నా అని పిలుపు. వాడి చేతి అన్నం తిన్న ఏ తోటి పనివాడో ఓడ దిగి వచ్చి సాగనంపి ఉంటాడు. ఎవరికి పడితే వాళ్ళకి ఎవరూ అలా రాయరు.

నా ఆశ ఆ నిచ్చెన మీదే పోయింది. పిల్లే నడుం పట్టుకుని నన్ను దింపింది.

అమ్మకి ఫోను చేశాం.

"సూసినావా?"

"సూసినానమ్మా. మనోడే."

 

"ఎండ తగుల్తాదా?"

"పొద్దున్నపూట తగుల్తాది."

"సముద్రం?"

"ఎదరగానే ఉంది. ఓడలు కనపడతన్నాయి."

"ఒక్కడే ఉన్నాడేటి?"

"నేదమ్మా. చుట్టూ మనుషులే."

తర్వాత మాట నాతో కాదు. "ఒలే కోడలా, ఇలా రాయే. నా కాడికి రా. ఏడుసుకో తల్లీ. ఇంక ఏడుసుకో."

మా మరదలి ఏడుపు అప్పుడు విన్నాను. ఇన్నేళ్ళదీ ఒక్కసారిగా వచ్చింది. మనిషి గొంతులా లేదు. దాని వెనకాల అమ్మ ఏడుపు. మేనకోడలు నా చేతిలోంచి ఫోను తీసుకుని నిచ్చెనెక్కింది. ఫోనును సిమెంటుకి ఆనించి పట్టుకుంది. పనివాడు టోపీ తీసి పక్కకి తిరిగి నిలబడ్డాడు. ఇంటి దగ్గర వాళ్ళిద్దరి గొంతులు అలసిపోయేదాకా పిల్ల చెయ్యి దించలేదు.

ఇంతే తల్లీ, ఇంతే బాబూ. మీ గడప దాటి వెళ్ళినవాళ్ళంతా వస్తామన్న రోజుకే వచ్చి, మీ చేత్తో వేడన్నం తినాలి. ఎప్పుడైనా ఏడుపే వస్తే, ఏడవమనే మనిషి మీ ఇంట్లో ఉండాలి. మీ ఇల్లు చల్లగా ఉండాలి.